జవాబు చెప్పకండి ప్లీజ్!

పదకొండు అడుగుల బండ... నాలుగు ఆదివారాలు... ఒక బెణికిన మడమ!

మా ఊళ్లో రాయి కావాలంటే లారీలో రావాలి. కోనసీమ కదా, పునాది తవ్వినా చెరువు తవ్వినా వచ్చేది ఒండ్రుమట్టే. చిన్నప్పుడు నేను ఎక్కిన అతి ఎత్తయిన శిఖరం మా పెరట్లో జామచెట్టు. కొబ్బరిచెట్టు ఎక్కడం దింపు తీసేవాళ్ల పని, ఆడపిల్లలు ఆ ఊసే ఎత్తకూడదు. ఇంజనీరింగ్‌కి రాజమండ్రి వచ్చాక దవళేశ్వరం దగ్గర కొండ రాయిని చూశాను. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడంటే, పక్కనే ఉన్న కొండల్లో రాయి దొరకడం కూడా ఒక కారణం. అంటే మా గోదావరోళ్లకి రాయి నీళ్లని ఆపడానికి పనికొచ్చేది. ఎక్కడానికి కాదు.

అలాంటి నేను మొన్న చలికాలం నాలుగు ఆదివారాలు హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో ఒకే ఒక్క బండ ముందు నిలబడ్డాను. దాని ఎత్తు పదకొండు అడుగులు. మా ఇంటి స్లాబు అంత! ఫోన్లో ఈ సంగతి చెబితే మా నాన్న రెండు నిమిషాలు ఆలోచించి, "నిచ్చెన లేదా అమ్మా అక్కడ?" అన్నారు.

నిచ్చెన సంగతి తర్వాత. నేనైతే సలహా కూడా వద్దనుకున్నాను. ఎందుకో చెబుతాను.

తాడు లేని ఆట

బౌల్డరింగ్ అంటే చిన్న బండల్ని తాడు లేకుండా ఎక్కడం. కాళ్లకి బిగుతైన రబ్బరు బూట్లు, చెమట పీల్చడానికి చేతులకి చాక్ పొడి (మెగ్నీషియం కార్బొనేట్ అన్నమాట), కింద పడితే దెబ్బ తగలకుండా క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు. సరంజామా అంతే. ఎత్తు తక్కువే కానీ ఒక్కో అడుగూ ఓ చిక్కుముడి. అందుకే ఈ ఆటలో ఎక్కే దారిని 'ప్రాబ్లమ్' అంటారు. దాన్ని 'సాల్వ్' చేయాలి.

ఈ ఆటకి ఆధునిక రూపం ఇచ్చిన అమెరికన్ జాన్ గిల్ వృత్తిరీత్యా లెక్కల ప్రొఫెసర్. జిమ్నాస్టిక్స్ నేర్చుకున్న ఆయన 1950ల్లో జిమ్నాస్టులు వాడే చాక్‌ని బండల మీదికి తెచ్చాడు. కొండ ఎక్కడానికి ప్రాక్టీసుగా మాత్రమే చూసే ఈ పనిని, దానికదే ఒక ఆటగా నిలబెట్టాడు. ఇప్పుడు ప్రాబ్లమ్స్‌కి వీ0తో మొదలయ్యే గ్రేడ్లు ఉన్నాయి. వీ17 స్థాయి అని చెప్పిన తొలి ప్రాబ్లమ్ ఫిన్లాండ్‌లోని 'బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్'. దాన్ని 2016లో నాలె హుక్కతైవాల్ మొదట ఎక్కాడు. దానికి అతనికి ఏళ్లు పట్టింది. నా బండ గ్రేడు అడక్కండి. అతని వార్మప్‌కి కూడా పనికిరాదు.

మన దగ్గర ఈ ఆటకి రాళ్ల కొరత లేదు. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ గుండ్రని బండల్ని ఏ నదో దొర్లించుకొచ్చి అక్కడ పడేయలేదు. పగుళ్ల వెంట ఎండా వానా లోపలికి దిగి, మూలలు అరిగి, ఉన్నచోటే గుండ్రంగా తయారయ్యాయి. వాటిని కాపాడుకోవడానికి 1996 నుంచి 'సొసైటీ టు సేవ్ రాక్స్' పనిచేస్తోంది. మాలావత్ పూర్ణ గుర్తుందా? 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి. ఆమె రాయి పట్టడం నేర్చుకున్నది మన భువనగిరి బండ మీదే.

'కుడి చెయ్యి చాపు, అంతే!'

ఆఫీస్ ఫ్రెండ్స్‌తో మొదటిసారి ఆ బండ దగ్గరికి వెళ్లినరోజు ఏం జరిగిందంటే...

నా కంటే ముందు ఓ కుర్రాడు ఎక్కాడు. ఆరడుగులకి ఓ అంగుళం తక్కువ ఉంటాడేమో. ఎడమ చేత్తో భుజం ఎత్తులో ఉన్న సన్నటి అంచు పట్టుకున్నాడు. కుడి చెయ్యి తాపీగా పైకి చాపి గిన్నెలాంటి గుంత అందుకున్నాడు. ఇంకో రెండు కదలికలతో పైన కూర్చున్నాడు. పెరుగన్నం తిన్నంత సులువుగా!

నా వంతు వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. అదే అంచు పట్టుకుని, కుడి చెయ్యి చాపితే ఆ గుంతకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. వెంటనే కింద నుంచి అరుపులు. "చాపు చాపు!" "ఎగురు!" "కాలు పైకి పెట్టు... ఆ కాలు కాదు!" ఆరుగురు మనుషులు, ఏడు సలహాలు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఎవరు చెప్పిందీ నా ఒంటికి అతకలేదు. ఎగిరాను, జారాను. మళ్లీ ఎగిరాను, మళ్లీ జారాను. "హైట్ ప్రాబ్లమ్‌లే, వదిలెయ్" అని ఓ తీర్పు వచ్చేసింది.

ఇలా చెప్పే సలహాకి ఈ ఆటలో ఓ పేరుంది... 'బీటా'. 1980ల్లో జాక్ మిలెస్కీ అనే అమెరికన్ క్లైంబర్ సరదాగా వాడిన మాట అది. అప్పట్లో బీటామ్యాక్స్ వీడియో క్యాసెట్లు ఉండేవి కదా, టేప్ వేసి చూపించినట్టు దారి మొత్తం చెప్పేస్తాడని ఆ పేరు. ఏ సమాచారమూ లేకుండా మొదటి ప్రయత్నంలోనే ఎక్కేస్తే దాన్ని 'ఆన్‌సైట్' అంటారు. బీటా తెలుసుకుని మొదటిసారే ఎక్కితే 'ఫ్లాష్'. అడక్కుండా పై నుంచి కురిపించే సలహాలకి 'బీటా స్ప్రే' అని ఎగతాళి పేరు కూడా ఉంది. మన ఇళ్లలో పెళ్లి సంబంధాల టైమ్‌లో కురిసేది కూడా అదే లెండి.

ఆ రాత్రి రూముకి వచ్చాక నన్ను కుట్టింది ఎక్కలేకపోవడం కాదు. జారిన ప్రతిసారీ నేను బండ వైపు చూడలేదు. వెనక్కి తిరిగి మనుషుల మొహాలు చూశాను. 'తర్వాత ఏంటి?' అని.

ఇది నాకు బండ దగ్గరే వచ్చిన రోగం కాదు. ఇంటర్లో లెక్క చూడగానే మెటీరియల్ వెనక పేజీ తిప్పేదాన్ని. ఇంజనీరింగ్‌లో సీనియర్ల రికార్డులు. ఉద్యోగంలో ఎర్రర్ మెసేజ్ చివరిదాకా చదవకుండానే కాపీ చేసి సెర్చ్ బాక్సులో పేస్ట్ చేయడం. ఇప్పుడు చాట్‌బాట్. ఓ రాత్రి సర్వర్ పడిపోయింది. చాట్‌బాట్ ఇచ్చిన మూడు జవాబులూ తప్పే. నాలుగోది అడగడానికి టైప్ చేస్తున్నాను తప్ప, లాగ్ ఫైల్ తెరిచి పది నిమిషాలు నిదానంగా చదవాలని తోచలేదు. చదివిన కొలీగ్‌కి కారణం అందులోనే కనిపించింది. ఆరేళ్ల అనుభవం ఉందని చెప్పుకునే నాకు ఆ పది నిమిషాలు కూర్చునే ఓపిక లేదు.

అందుకే పందెం వేసుకున్నాను. ఈ ఒక్క బండకీ జవాబు ఎవరినీ అడగను. వీడియోలు వెతకను. ఎవరైనా చెప్పబోతే ఆపేస్తాను.

మొదటి ఆదివారం: చూడటం

పొద్దున్నే ఆరున్నరకి వెళ్లాను. చలికి రాయి పొడిగా ఉంటే పట్టు బాగుంటుంది. ఎండెక్కితే వేళ్లకి చెమట పట్టి జారతాయి. వెంటనే ఎక్కేయకుండా అరగంట బండని తడిమి చూశాను. ఎక్కడ గరుకు, ఎక్కడ నున్నన, ఏ గుంతలో ఎన్ని వేళ్లు పడతాయి... అన్నీ నోట్స్ యాప్‌లో రాసుకున్నాను. బగ్ రిపోర్ట్ రాసినట్టే. 'కింది బొడిపె: కాలికి బాగుంది. దాని మీద జానెడు ఎత్తులో చిన్న పలక: రెండు రూపాయల బిళ్లంత. పనికిరాదు.'

ఆ చివరి లైన్ గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

ఇంకోటి కూడా గమనించాను. సలహా అంటే నోటితో చెప్పేదే కాదు. బండ మీద తెల్లటి చాక్ మరకలు ఉంటాయి. అందరూ ఎక్కడ పట్టుకుంటే అక్కడ తెలుపు. పాదాలు పెట్టినచోట బూటు రబ్బరు నలుపు. అంటే బండే ఓ గైడు పుస్తకం. కాకపోతే ఆ గైడు రాసినవాళ్లంతా నాకంటే పొడుగు!

ఆరోజు పదిహేనుసార్లు పడ్డాను. అందులో పన్నెండు ఎగురుతూనే.

రెండో ఆదివారం: బుద్ధి రావడం

ఈసారి ఒక్కదాన్నే వెళ్లాను. 'ఎవరి సలహా వద్దు' అంటే 'ఎవరూ వద్దు' అని అర్థం చేసుకున్నాను కదా, తెలివైనదాన్ని. ప్యాడ్ నేనే మోసుకెళ్లి పరిచాను. ఆరోసారి ఎగిరినప్పుడు ఒళ్లు తిరిగి పక్కకి పడ్డాను. ప్యాడ్ అంచు మీద కుడి పాదం మడతపడింది. కింద కూర్చుని ఫోన్ తీస్తే సిగ్నల్ ఉంది, నా అదృష్టం. వాకింగ్‌కి వచ్చిన ఓ పెద్దాయన రోడ్డుదాకా భుజం ఇచ్చి నడిపించారు. "ఎవరూ తోడు లేకుండా వచ్చావేంటి తల్లీ" అని మాత్రం అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

బెణుకే కాబట్టి సరిపోయింది. రెండు వారాలు కుంటుకుంటూ ఆఫీసుకి వెళ్లాను. అమ్మకి మెట్ల మీద జారానని చెప్పాను. (అమ్మా, ఇది చదువుతుంటే సారీ.)

ఆ రెండు వారాల్లో ఒక తేడా అర్థమైంది. బండ ఎలా ఎక్కాలన్నది నా ప్రశ్న. దాన్ని నేనే తేల్చుకోవచ్చు. ఎలా పడాలి, ప్యాడ్ ఎక్కడ వేయాలి, ఎవరు కాపు కాయాలి... ఇవి కనిపెట్టాల్సిన విషయాలు కావు, నేర్చుకోవాల్సినవి. వీటిలో సలహా వద్దనేవాళ్లు ధైర్యవంతులు కాదు. నాలాంటి మూర్ఖులు.

మూడో ఆదివారం: వెనక నుంచి ముందుకి

ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకెళ్లాను. ముందే షరతు పెట్టాను. "నోరు మూసుకుని చేతులు చాపండి." అంటే స్పాటింగ్ అన్నమాట. పడేవాళ్లని గాల్లో పట్టుకోవడం కాదు. నడుము దగ్గర ఆసరా ఇచ్చి, తల నేలకి తగలకుండా, ప్యాడ్ మీద పడేలా మళ్లించడం.

ఎగరడం మానేశాను. బండ వెనక వైపు నుంచి సులువుగా పైకి వెళ్లొచ్చు. అలా వెళ్లి, పై అంచు మీద బోర్లా పడుకుని, చెయ్యి కిందికి జార్చి వెతికాను. గిన్నె గుంత దొరికాక ఎడమ చెయ్యి ఎక్కడికి వెళ్లాలో తెలిసింది. కోడ్ అర్థం కానప్పుడు అవుట్‌పుట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళతాం చూడండి, అలా.

తర్వాత ఫోన్‌ని రాయికి ఆనించి నా ప్రయత్నాలే వీడియో తీసుకున్నాను. వేరేవాళ్ల వీడియో అయితే జవాబు. నా వీడియో అయితే లాగ్ ఫైల్! నెమ్మదిగా ఒక్కో ఫ్రేమూ జరుపుతుంటే కనిపించింది. నా వేళ్లలో బలం లేదనుకుంటున్నాను కదా ఇన్నాళ్లూ. తప్పు. చెయ్యి జారడానికి ముందే నడుము బండ నుంచి బయటికి వెళ్లిపోతోంది. బరువంతా వెనక్కి లాగితే ఏ వేళ్లు ఆగుతాయి? జారింది వేళ్లు, తప్పు నడుముది.

సరిగ్గా అప్పుడే ఓ అపరిచిత కుర్రాడు ఆగి, "అక్కా, ఆ కాలు..." అన్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాను. "తమ్ముడూ, చెప్పకు ప్లీజ్. కావాలంటే ప్యాడ్ కొంచెం ఎడమకి జరుపు." నవ్వి జరిపాడు. పది నిమిషాలు ఉండి చప్పట్లు కూడా కొట్టి వెళ్లాడు.

నాలుగో ఆదివారం: పనికిరాని పలక

శనివారం రాత్రి నోట్స్ మళ్లీ చదివాను. నడుము బండకి దగ్గరగా ఉండాలంటే? బండకి ఎదురుగా నిలబడితే మోకాళ్లు అడ్డొస్తాయి, నడుము దూరంగానే ఉంటుంది. పక్కకి తిరిగితే? కుడి తుంటి బండకి ఆనేలా తిరిగి నిలబడితే కుడి భుజం పైకి లేస్తుంది, చెయ్యి ఇంకాస్త పైకి వెళుతుంది. అటక మీది డబ్బా అందనప్పుడు మనం చేసేది అదేగా, గోడకి పక్కగా ఒరిగి ఒంటి చెయ్యి చాపుతాం. గదిలో గోడ దగ్గర పెన్సిల్‌తో గీసి కొలిచాను. దాదాపు బెత్తెడు తేడా!

కానీ అలా తిరగాలంటే కుడి పాదం బయటి అంచుకి ఏదో ఆసరా కావాలి. కింది బొడిపె సరిపోదు, మరీ కిందికి ఉంది. అప్పుడు కనిపించింది ఆ లైన్. 'రెండు రూపాయల బిళ్లంత. పనికిరాదు.'

ఎదురుగా నిలబడి బూటు ముక్కు ఆనించి చూసి, పనికిరాదని నేనే రాశాను. పక్కకి తిరిగి చూడలేదు. అక్కడ చాక్ లేదు, రబ్బరు నలుపు లేదు. ఎవరికీ అవసరం పడలేదు కాబట్టి. ఊళ్లోవాళ్లు చెప్పిందే కాదు, మొన్న నాకు నేను చెప్పుకున్నది కూడా మళ్లీ సరిచూసుకోవాల్సిన సలహానే అన్నమాట.

పొద్దున ఆరు నలభై. బ్రష్‌తో ఆ పలక మీది మట్టి తుడిచాను. ఎడమ చెయ్యి సన్నటి అంచు మీద. కుడి పాదం బయటి అంచు పలక మీద. మోకాలు లోపలికి తిప్పి తుంటిని బండకి ఆనించాను. ఒళ్లంతా ఒక్కసారి తేలికైంది. కుడి చెయ్యి ఎత్తాను. అందింది. మూడు వేళ్లు మాత్రమే... పాదం జారింది. పడ్డాను.

నాలుగు నిమిషాలు ఆగాను. (విసుగుతో వెంటనే ఎక్కితే ప్రతిసారీ బలం తగ్గుతుంది, ఇది కూడా నోట్స్ చెప్పిందే.) రెండోసారి అయిదు వేళ్లూ గుంతలో పడ్డాయి. తర్వాత ఎడమ చెయ్యి పై అంచుకి, అరచేతులతో నొక్కి, ఓ మోకాలు, ఓ పాదం... పైన నిలబడ్డాను.

కింద ఇద్దరూ అరుస్తున్నారు. నాకేమో గొప్ప విజయగర్వం లాంటిదేం రాలేదు, నవ్వొచ్చింది. మొదటిరోజు నుంచీ అక్కడే ఉంది ఆ పలక. 250 కోట్ల ఏళ్ల రాయి కదా, ఎక్కడికి పోతుంది?

ఒలింపిక్స్‌లో కూడా ఇంతే

ఇది నా పిచ్చి అనుకోకండి. స్పోర్ట్ క్లైంబింగ్ టోక్యోలో తొలిసారి ఒలింపిక్స్ వేదిక ఎక్కింది. బౌల్డరింగ్ పోటీల్లో ఆటగాళ్లని ముందు 'ఐసొలేషన్'లో ఉంచుతారు. ఫోన్ ఉండదు, ముందువాళ్లు ఎలా ఎక్కారో చూడనివ్వరు. ఫైనల్లో ఒక్కో ప్రాబ్లమ్‌కి నాలుగే నిమిషాలు. ఆలోపు గోడని చదవాలి, దారి కనిపెట్టాలి, ఎక్కాలి. టోక్యోలో, పారిస్‌లో వరుసగా స్వర్ణం గెలిచిన స్లొవేనియా అమ్మాయి యాన్యా గార్న్‌బ్రెట్‌ని చూడండి. కండలు ఎంత ముఖ్యమో, కింద నిలబడి గాల్లో చేతులు ఆడిస్తూ దారి చదవడం అంత ముఖ్యం.

ఇందులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. ఫైనల్‌కి ముందు ఆటగాళ్లందరినీ కలిపి కాసేపు గోడ చూడనిస్తారు. అప్పుడు ప్రత్యర్థులే ఒకరితో ఒకరు 'ఇలా అయితే ఎలా ఉంటుంది' అని మాట్లాడుకుంటారు! అంటే కలిసి ఆలోచించడం తప్పు కాదు. ఎవరూ ఆలోచించకుండా జవాబు చేతికి వచ్చేయడమే ఆటని చంపేది.

మీరూ ట్రై చేస్తారా?

* మొదట జిమ్‌లో మొదలుపెట్టండి. పడటం నేర్చుకున్నాకే బండ దగ్గరికి. పడేటప్పుడు మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లండి. చేతులు వెనక్కి ఆనించారో, మణికట్టు పోతుంది.
* ఒంటరిగా వద్దు. నా మడమ సాక్షి.
* ఉంగరాలు తీసేయండి. వేలు రాతి పగులులో ఇరుక్కుంటే చాలా ప్రమాదం.
* ఎక్కేముందే దిగే దారి చూసుకోండి. కింద గాజు పెంకులు, పైన తేనెపట్లు ఉన్నాయేమో కూడా.
* ఒకసారికి ఒకటే మార్చండి. కాలూ చెయ్యీ రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.
* 'ఏది జారింది?' కంటే 'ముందు ఏది కదిలింది?' అని అడగండి.
* అరగంట, గంట, ఒక వారం... మీకు మీరు గడువు పెట్టుకోండి. అది దాటాక సలహా అడిగితే సిగ్గుపడక్కర్లేదు. అప్పటికి మీకు ప్రశ్నయినా సరిగ్గా తెలుస్తుంది.
* వచ్చేటప్పుడు చాక్ మరకలు బ్రష్‌తో తుడిచి రండి. తర్వాత వచ్చేవాళ్ల ప్రశ్న వాళ్లకి మిగలాలి కదా.

ఆఫీసులో నేనేం మారిపోలేదు. చాట్‌బాట్ ఇప్పటికీ వాడతాను. కాకపోతే ముందు లాగ్ ఫైల్ తెరిచి పది నిమిషాలు చదువుతాను. సగంసార్లు ఏమీ దొరకదు. మిగతా సగం చాలు.

పోయిన నెల మళ్లీ ఆ బండ దగ్గరికి వెళ్లాను. ఓ అమ్మాయి, నాకంటే ఓ అంగుళం తక్కువే ఉంటుంది, అదే అంచు పట్టుకుని అదే గుంత కోసం ఎగిరి ఎగిరి పడుతోంది. నన్ను చూసి, "అక్కా, మీరు ఎక్కారా? ఎలా?" అంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ రెండు రూపాయల బిళ్ల సంగతి. ఎంత కష్టపడి మింగానో నాకే తెలుసు.

"చెప్పమంటే చెబుతాను. లేదంటే కింద నిలబడతాను. ఏది కావాలి?" అన్నాను.

ఆ పిల్ల బండ వంక చూసింది, నా వంక చూసింది. చేతులకి చాక్ రాసుకుంది.

"నిలబడండక్కా."

ప్యాడ్ కాస్త ఎడమకి జరిపి, చేతులు చాపి నిలబడ్డాను.